మీ ఇంట్లో దిష్టి తీసేదెవరు?

ఈ ఉదయం కింద వాటాలో వాళ్ళు ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేశారు. మనవరాలు నిన్న మొదటిసారి బోర్లా పడిందట, దిష్టి తీశారు. ఆ ఘాటు వంటింటి కిటికీలోంచి నేరుగా నా మీదకే వచ్చింది. దగ్గు, తుమ్ములు, కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు. చెయ్యి దానంతటదే కంటి వైపు వెళ్ళి మధ్యలోనే ఆగిపోయింది. నా కళ్ళకు లేజర్ ఆపరేషన్ జరిగి ఎనిమిదేళ్ళు దాటింది, ఇప్పుడు నలుపుకున్నా ఏమీ కాదు. అయినా చెయ్యి ఆగుతుంది. అలా ఆగడం దానికి సుభానీ గారు నేర్పారు. ఆయన పోయి రెండేళ్ళయింది గానీ నా చెయ్యి ఇంకా ఆయన మాటే వింటోంది.

సుభానీ గారికి తాడేపల్లిగూడెంలో కళ్ళజోళ్ళ షాపు ఉండేది. డిగ్రీ అవగానే నేను అందులో పనికి చేరాను. మాది కొల్లేరు ఒడ్డున పల్లెటూరు, నాన్న చేపల చెరువులు కౌలుకు చేసేవారు. ఆరో తరగతి నుంచీ నాకు కళ్ళజోడే. బళ్ళో నా పేరు శైలజ అని టీచర్లకు తప్ప ఎవరికీ తెలియదు, అందరికీ నేను సోడాబుడ్డినే. అలాంటిదాన్ని కళ్ళజోళ్ళ షాపులో పనికి చేరితే మా వాళ్ళు నవ్వకేం చేస్తారు? సుభానీ గారు మాత్రం నవ్వలేదు. బక్కపలచని మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో అద్దాలు తుడిచే గుడ్డ. నేను వెళ్ళిన మొదటిరోజు నా కళ్ళజోడు తీసుకుని, తుడిచి, వదులైన మర బిగించి ఇచ్చారు. ఆ తర్వాతే పేరడిగారు.

ఆయన పని చేసే తీరు వేరు. చూపు పరీక్ష చేసేటప్పుడు "కనిపిస్తోందాండీ?" అని ఎవర్నీ అడిగేవారు కాదు. నేను అలా అడిగినందుకు ఒకసారి పక్కకు పిలిచి చెప్పారు. మన గోదావరి వాళ్ళకి మొహమాటం ఎక్కువట. కనిపిస్తోందా అంటే ఎదుటివాళ్ళని కష్టపెట్టడం ఎందుకని "ఆఁ, బాగానే కనిపిస్తోందండీ" అనేస్తారట. ఇంటికెళ్ళి తలనొప్పితో పడుకుంటారట. అందుకని ఆయన అక్షరం చూపించి అదేమిటో చెప్పమనేవారు, చెప్పేదాకా కుర్చీలో కదలకుండా కూర్చునేవారు. ఉంగుటూరు నుంచి వచ్చిన ఒక రైతు గారు మూడు వరసలూ గడగడా చదివేస్తే, ఈయన బోర్డు తిప్పేసి వేరే అక్షరాలు పెట్టారు. రైతు గారు ఒక్కటీ చదవలేకపోయారు. అంతకుముందు బెంచీ మీద కూర్చుని ముందువాళ్ళు చదివినవి విని బట్టీ పట్టేశారు పాపం.

ఇంకో విచిత్రం, కళ్ళజోళ్ళు అమ్ముకునే మనిషి అయ్యుండి కుర్రవాళ్ళకి లేజర్ చేయించుకోమని తనే చెప్పేవారు. అందరికీ కాదు. కంటి పైపొర మందంగా ఉండాలి, పవర్ ఏడాదిగా మారకుండా నిలబడాలి, కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు పరీక్షకు ముందే వాటిని మానేయాలి. ఇవన్నీ ఓపిగ్గా చెప్పి పంపేవారు. వాళ్ళు మళ్ళీ షాపుకి వచ్చేది చల్లద్దాలు కొనుక్కోవడానికే.

అలాంటాయనతోనే నాకు పేచీ వచ్చింది. ఆ ఏడాది మహిళా కానిస్టేబుల్ ఉద్యోగాలు పడతాయని అందరూ అన్నారు. కళ్ళజోడు లేకుండా చూపు సరిపోవాలని చెప్పారు. నాకు ఖాకీ పిచ్చి. నన్ను సోడాబుడ్డీ అన్న ప్రతివాడి ముందూ టోపీ పెట్టుకుని నడవాలని కల. ఏలూరులో కంటి ఆసుపత్రికి వెళ్తే కిందటేడు పవర్ చీటీ తెమ్మన్నారు. కిందటేడు అయిదు, ఇప్పుడు అయిదున్నర. అంటే పవర్ ఇంకా నిలబడలేదు, ఆపరేషన్ చేయరు. నేను సుభానీ గారి దగ్గరకెళ్ళి, కిందటేడు కూడా అయిదున్నరే ఉన్నట్టు పాత తేదీతో ఒక చీటీ రాసివ్వమన్నాను. షాపు ఆయనది, ముద్ర ఆయనది, సంతకం ఆయనది. అర నిమిషం పని.

ఆయన చేతిలో ఉన్న అద్దం తుడవడం ఆపలేదు. "రాయొచ్చమ్మా. రాస్తే డాక్టరుగారు నమ్ముతారు. నీ కన్ను నమ్మదు కదా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సొంత కూతురైతే రాసేవారు కాదా అని అనేశాను కూడా. ఆయన తలెత్తి చూసి, "సొంత కూతురు అడిగితే ఇంత మెల్లగా చెప్పేవాణ్ణి కాదు" అన్నారు. పది రోజులపాటు ఆయనతో అవునండీ, కాదండీ తప్ప మాట్లాడలేదు. ఆయన మాత్రం మధ్యాహ్నం టీ తెప్పించినప్పుడల్లా నా గ్లాసు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. చల్లారిపోయేదాకా బెట్టు చేసి తాగేదాన్ని.

మరుసటి ఏడాది పరీక్ష చేస్తే ఆరు వచ్చింది. తొందరపడి చేయించుకుని ఉంటే ఏడాది తిరక్కుండా మళ్ళీ కళ్ళజోడు ముక్కు మీదకెక్కేది. సుభానీ గారు "నేను చెప్పలేదా" అని అనలేదు. ఆరు అని రాసుకుని, తరవాతివారిని రమ్మన్నారు. అంతే.

ఆ మధ్యలోనే అత్తిలి అబ్బాయి సంగతి జరిగింది. పెళ్ళి కుదిరిన కుర్రాడు, సుభానీ గారే పంపారు, ఆపరేషన్ చక్కగా అయింది. నలపకూడదు, నీళ్ళు తగలకూడదు, దుమ్ములోకి వెళ్ళకూడదు, అన్నీ చెప్పారు. అబ్బాయి నల్లద్దాలు పెట్టుకుని ఇంటికి చేరేసరికి వాళ్ళమ్మ గుమ్మంలో నిలబెట్టి, ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు తిప్పి కుంపట్లో వేసింది. కన్నతల్లి కదా, కొడుకు కళ్ళకి గండం గడిచిందని సంబరం. ఆ పొగకి అబ్బాయి అద్దాలు తీసేసి రెండు పిడికిళ్ళతో కళ్ళు నలిపేసుకున్నాడు. ఆపరేషన్‌లో ఎత్తి మళ్ళీ కంటి మీద పరిచిన సన్నని పొర జరిగిపోయింది. అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తబట్టి సరిచేశారు, చూపు నిలిచింది. కానీ కబురు తెలిసిన రోజు సుభానీ గారు భోజనం డబ్బా విప్పలేదు. తప్పు ఆ తల్లిది కదా అన్నాను. "ఆవిడకి ఎవరు చెప్పారమ్మా? నేను అబ్బాయికి చెప్పాను. దిష్టి తీసేది అబ్బాయి కాదు కదా" అన్నారు. ఆ తరవాత లేజర్‌కి పంపే ప్రతివాళ్ళనీ చివర్లో ఒక ప్రశ్న అడిగేవారు. మీ ఇంట్లో దిష్టి తీసేదెవరు?

ఇంకో ఏడాదికి కూడా నా పవర్ ఆరు దగ్గరే నిలబడింది. ఆసుపత్రివాళ్ళు సరేనన్నారు. సుభానీ గారు నన్ను కూడా అదే ప్రశ్న అడిగారు. నాయనమ్మ అని చెప్పాను. ఆ ఆదివారం బస్సెక్కి మా ఊరొచ్చేశారు. మా నాయనమ్మ మామూలు మనిషి కాదు, మా ఇంట్లో ఎవరు తుమ్మినా ఆవిడ అనుమతి కావాలి. ఆవిణ్ణి మిరపకాయలు కాల్చొద్దంటే ఏమవుతుందోనని నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆయన వద్దనే అనలేదు. "దిష్టి తీయాల్సిందేనండీ పెద్దమ్మగారూ. మా ఇంట్లోనూ తీస్తాం. పిల్ల కళ్ళకి పొగ పడదు, ఎర్రనీళ్ళతో తీస్తారా?" అని అడిగారు. నాయనమ్మ పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళకే అసలు బలమెక్కువ, మిరపకాయలు ఈమధ్య వచ్చిన అలవాటని తేల్చేసింది. ఆయనకి బొమ్మిడాయిల పులుసుతో భోజనం పెట్టి గానీ పంపలేదు.

ఆపరేషన్ ఎలా ఉంటుందో కూడా ఆయన వంటకం చెప్పినట్టు చెప్పారు. మెలకువగానే ఉంటావు, మత్తు చుక్కలు వేస్తారు, నొప్పి ఉండదు, కన్ను నొక్కినట్టుంటుంది. కొన్ని క్షణాలు అంతా చీకటైపోతుంది, కన్ను పోయిందనుకోకు. దీపం కేసి చూస్తూ ఉండు. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, కంగారుపడకు. అన్నీ అదే వరసలో జరిగాయి. చీకటైన క్షణంలో నాకు భయం వేసింది, నిజం చెప్తున్నాను. కానీ ఆ భయం కూడా ఆయన లెక్కలో ఉన్నదే కదా అనుకునేసరికి దీపం తిరిగొచ్చింది. ఒక్కో కన్నుకి నిమిషాల పని. బయటికొచ్చాక అంతా పొగమంచు, నాలుగైదు గంటలు కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట. ఇంటికెళ్ళి నిద్రపొమ్మన్నారు ఆసుపత్రిలో. గుమ్మంలో నాయనమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంతో నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్న కళ్ళ మీద కట్టిన ప్లాస్టిక్ కప్పులు తీయగానే నేను మొట్టమొదట చూసింది ఫ్యాను రెక్కల మీద దుమ్ము. "నాయనమ్మా, ఫ్యానుకి ఎంత బూజో!" అన్నాను. దానికి ఆవిడ రెండు రోజులు అలిగింది. దోమతెర దారాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. మంచంలోనే కూర్చుని ఏడవబోయి, ఏడవచ్చో లేదో తెలియక ఆయనకి ఫోన్ చేశాను. ఏడవచ్చు, తుడుచుకోవద్దన్నారు.

మూడో రోజు తన మీద కోపం వస్తుందని కూడా ముందే చెప్పారు. వచ్చింది. పొద్దున్న బాగున్న చూపు సాయంత్రానికి మసకేసింది, లారీ దీపాల చుట్టూ పెద్ద పెద్ద వలయాలు. కళ్ళు ఎండిపోయి, గంటకోసారి చుక్కలు. వారం దాకా తలస్నానం లేదు, తాలింపు దగ్గరకి వెళ్ళడం లేదు, చెరువు గట్టు వైపు అసలే లేదు. వలయాలు తగ్గడానికి రెండు నెలలు, చుక్కలు మానడానికి ఆరు నెలలు పట్టింది.

కానిస్టేబుల్ మాటా? ఉద్యోగాలు పడేసరికి చూపు సరిపోయింది గానీ, లాంగ్ జంప్‌లో పోయాను. గంతు వేయడమే రానిదాన్ని ఆయనతో అంత పోట్లాడానా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏలూరులో ఆ ఆసుపత్రిలోనే, ఆపరేషన్‌కి ముందు పేషెంట్లకి అన్నీ వివరించే ఉద్యోగానికి మనిషి కావాలంటే సుభానీ గారు నన్ను పంపారు. అందులోనే ఉన్నాను, హాయిగా ఉన్నాను. ఎవర్నీ అర్థమైందా అని అడగను. ఏం చేయాలో మీరు నాకు చెప్పండి అంటాను. చివర్లో దిష్టి తీసేదెవరని అడిగి, రేపు ఆవిణ్ణి తీసుకురమ్మంటాను. ఆసుపత్రి కాగితంలో దానికి గడి లేదు. అంచున పెన్సిల్‌తో రాసుకుంటాను. అమ్మ, అత్తగారు, పక్కింటి పిన్నిగారు.

ఆయన పోయే ముందటి ఏడాది శుక్లాల ఆపరేషన్‌కి నా ముందుకే వచ్చారు. అదే తెల్లచొక్కా. భార్య పోయారు, కూతురు దూరాన కాపురం. నేను చెప్పాల్సినవన్నీ వరసగా చెప్పాను, ఆయన బుద్ధిగా విని అన్నీ తిరిగి అప్పగించారు. చివరి ప్రశ్న వదిలేసి కాగితాలు సర్దబోయాను. ఆయనే అందుకున్నారు. "ఇంకోటి అడగాలి కదమ్మా?"

అడిగాను. ఆయన నవ్వారు. నేను పెన్సిల్ తీసి ఆయన కాగితం అంచున నా పేరు రాశాను. మర్నాడు ఎర్రనీళ్ళు నేనే కలిపాను.