మావ వద్దన్న మిషను

కొత్తగా కలిపిన కూలెంట్‌కి ఒక వాసన ఉంటుంది. నూనె, సబ్బు, తడి ఇనుము కలిసిన వాసన. ఇవాళ పొద్దున గాజువాకలో మా షాపులో అడుగు పెట్టగానే అది ముక్కుకి తగిలింది. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా మిషన్ మీద ధారగా పోసే తెల్లటి ద్రవమది. కొత్తవాళ్ళు దాన్ని చూసి మజ్జిగలా ఉందని నవ్వుతారు. నాకు ధర్మారావు మావ గుర్తొచ్చి నవ్వు రాదు. పనిలో పడితే పోతుందిలే అనుకున్నాను గాని మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా ఆయనే గుర్తొచ్చాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా దుఃఖం పాతబడలేదు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. పలాస దాటాక హైవే పక్కన, తన ఊరి పొలిమేరలో, ఇంటి ముందే ఆయనకో మిషన్ షాపు ఉండేది. జీడిపప్పు ఫ్యాక్టరీలకి విడిభాగాలు, టెక్కలి గ్రానైట్ కోత మిషన్లకి గేరు పెట్టెలు చేసేవాళ్ళం. ఆ కాలపు ఇంజినీరింగ్ డిప్లొమా చదివి, బయట పెద్ద ఫ్యాక్టరీల్లో పనిచేసి, సొంత ఊరు మీద బెంగతో తిరిగొచ్చిన మనిషి. నందిగాం నుంచి బస్సెక్కి ఉద్యోగానికి వచ్చిన మొదటిరోజు నేను ఆయన్ని "సార్" అన్నాను. "సారెవుడమ్మా ఇక్కడ? అందరూ మావనే పిలుత్తారు, నువ్వూ అలగే పిలు," అన్నాడు. మా వైపు మావా అనడానికి చుట్టరికం ఉండాలన్న రూలేం లేదు. ఆ షాపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. తయారైన ముక్కల్ని కొలిచి, సరిగా ఉన్నవీ లేనివీ వేరుచేయడం నా పని.

చేరిన కొత్తలో ఒకరోజు ఏదో ముక్క చేత్తో పట్టుకొచ్చి "ఎలగున్నాదమ్మా ఇది?" అని అడిగాడు. "పర్లేదు మావా, ఇంచుమించు బాగానే ఉంది," అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించేలా చూశాడు. "ఇంచుమించు అన్న మాట సంతలో వంకాయలకి పనికొత్తాది. నాకు నచ్చే మాటొద్దు జానకీ. కొలిసి, ఎంతుంటే అంత సెప్పు. నాకు కట్టమైనా సరే సెప్పు." తర్వాత కొన్నాళ్ళకి ఆయన స్వయంగా మిషన్ మీద నిలబడి చేసిన ముక్కే కొలతకి తప్పింది. గుండె చిక్కబట్టుకుని ఆ మాట చెప్పాను. ఆయన దాన్ని తుక్కులో పడేసి, కాశీబుగ్గ నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించి షాపు మొత్తానికీ పంచాడు. అసలే మొండిదాన్ని, ఆయన చేతిలో పడి ఇంకా మొండిదాన్నయ్యాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. మా లేతు పనివాళ్ళు ఒక్కొక్కరే మూటాముల్లే సర్దుకుని చెన్నై, హైదరాబాదు పోతున్న రోజులు. అప్పుడు విశాఖలో ఒక పంపుల కంపెనీ, ఏడాది పొడుగునా పని ఇస్తామని ముందుకొచ్చింది. చిక్కల్లా ఒక్కటే. పంపు పెట్టెకి ఎదురెదురుగా రెండు రంధ్రాలుంటాయి. రెండూ ఒకే గీతలో ఉండాలి. మా పాత మిషన్లో ఒక వైపు కోసి, ముక్క విప్పి, తిప్పి మళ్ళీ బిగించేసరికి ఆ గీత ఎక్కడో తప్పేది. హారిజాంటల్ మెషినింగ్ సెంటర్ అనే పెద్ద మిషన్‌కి ఆ బాధ లేదు. కోసే పనిముట్టు అడ్డంగా ఉంటుంది, ముక్కని మోసే బల్ల తనే తిరుగుతుంది. ఒక ముక్క లోపల కోతలో ఉండగానే బయట ఇంకో బల్ల మీద రెండో ముక్క బిగించుకోవచ్చు. "ఇదొక్కటీ ఒత్తే మనోళ్ళెవులూ ఊరొదిలి ఎల్లక్కర్నేదు," అనేవాడు మావ. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ముఖం వెలిగిపోయేది. ఆయన ఆశంతా దానిమీదే ఉందని షాపులో అందరికీ తెలుసు.

మిషన్ చూడ్డానికి బెంగళూరు బయల్దేరాం. పెళ్ళికాని పిల్లని వెంటబెట్టుకుని తానొక్కడే వెళ్తే బాగుండదని భార్య సావిత్రమ్మ అత్తని కూడా రమ్మన్నాడు. పలాస స్టేషన్లో మమ్మల్ని చూసినవాళ్ళు ఏ మొక్కు తీర్చుకోవడానికో పోతున్నామనుకుని ఉంటారు. అత్త చేతిలో పులిహోర గిన్నె. మావ దగ్గర గోనెసంచుల్లో పంపు పెట్టెల పోతముక్కలు, అంటే ఇనుము కరిగించి అచ్చుపోసినవి, ఇంకా కోత పడనివి. వాటితో పాటు మా షాపు బోరు నీళ్ళు నింపిన ఒక క్యాను. "ఊరు కాని ఊల్లో తాగడానికేటి?" అని అడిగింది అత్త. "నాకు కాదే, మిషన్‌కి," అన్నాడు మావ. "కోడలికి కూడా ఇన్ని పరీచ్చలు ఎట్టరు," అని దారి పొడుగునా అత్త ఆయన్ని ఆటపట్టిస్తూనే ఉంది.

అమ్మే కంపెనీ వాళ్ళ ఇంజినీరు అనంతపురం అబ్బాయి. మర్యాదస్తుడు. నిగనిగలాడే నమూనా ముక్క ఒకటి చూపించబోతే మావ దాన్ని పక్కకి జరిపి మా పోతముక్కలు బల్ల మీద పెట్టించాడు. పొద్దున మిషన్ చల్లగా ఉన్నప్పుడు ఒకటి కోయించాడు. దాన్ని ఆపకుండా తిప్పించి, బాగా వేడెక్కాక మధ్యాహ్నం ఇంకోటి కోయించాడు. రెండింటినీ నా ముందు పెట్టి తను దూరంగా వెళ్ళి కూర్చున్నాడు, నేను కొలుస్తుంటే ఆయన ముఖం చూడకూడదని. కొలిచాను. చల్లగా ఉన్నప్పుడు కోసినదాంట్లోనూ, వేడి మీద కోసినదాంట్లోనూ రంధ్రాలు ఒకే గీతలో ఉన్నాయి. ఆ తర్వాత, కోత సగంలో ఉండగా కరెంటు మెయిన్ స్విచ్ ఆపెయ్యమన్నాడు.

"అలా చేస్తే టూల్ విరిగిపోవచ్చు సార్," అన్నాడు ఇంజినీరు.

"విరిగితే నా కాతాలో రాసుకో బాబూ. మా పలాసలో కరెంటు సెప్పి పోదు. కోత మజ్జిలోనే పోద్ది. అప్పుడు నువ్వు నా పక్కనుండవు కదా."

ఆ అబ్బాయి నవ్వేసి ఆపాడు. మిషన్ చెక్కుచెదరలేదు. కరెంటు ఇవ్వగానే, ఆగిన చోటునుంచి పని మళ్ళీ అందుకుంది. ఆ పూట మావ చిన్నపిల్లాడిలా మిషన్ చుట్టూ తిరిగాడు. ఆయన్ని అంత సంతోషంగా చూడడం నాకు అదే ఆఖరుసారి.

మిగిలింది నీళ్ళ పరీక్ష. మా క్యానులో నీళ్ళు గాజు జాడీలో పోసి కూలెంట్ నూనె కలిపారు. కాసేపు తెల్లగా ఉంది. అందరం టీ తాగి వచ్చేసరికి విరిగిన పాలలాగా ముక్కలు ముక్కలైంది. "ఈ నీళ్ళు పనికిరావు సార్. మిషన్ తుప్పు పడుతుంది. శుద్ధి చేసిన నీళ్ళే పొయ్యాలి," అన్నాడు ఇంజినీరు. అది పెద్ద అడ్డంకేమీ కాదు, చిన్న నీటి ప్లాంటు పెట్టుకుంటే సరిపోతుంది. కాని మావ ఆ జాడీని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. "మిషన్‌కి పనికిరావు. మనం పుట్టినకాడ్నుంచీ ఇయ్యే తాగుతున్నాం," అన్నాడు నెమ్మదిగా. మా ఊళ్ళున్న ఉద్దానంలో ఎక్కడ చూసినా కిడ్నీ జబ్బు మనుషులున్నారు. దానికి కారణం నీళ్ళో, మరొకటో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆయనా ఏమీ తేల్చలేదు. ఆ మాట విని అత్త మాత్రం చటుక్కున ఆయన పాదాల వైపు చూసింది. నేనూ చూశాను. చెప్పుల పట్టీలు వాచిన పాదాల్లో దిగబడిపోయి ఉన్నాయి. కొన్ని నెలలుగా అలాగే ఉంటున్నాయని, డాక్టరు దగ్గరికి రమ్మంటే మిషన్ పని అయ్యాక వస్తానని దాటేస్తున్నాడని అప్పుడు అత్త చెప్పింది.

తిరుగు ప్రయాణంలో అత్త పంతం పట్టి విశాఖలో దింపేసింది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు అత్తనీ నన్నూ లోపలికి పిలిచాడు. రెండు కిడ్నీలూ దాదాపు పోయాయన్నాడు. డయాలసిస్ మొదలుపెట్టాలి, అది కూడా ఎంతకాలం ఆదుకుంటుందో చెప్పలేనన్నాడు. అత్త బయటికొచ్చి గోడకి ఆనుకుని నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడే సెప్పకమ్మా. ఆ మిషనొచ్చే దాకానన్నా సెప్పకు. దాని మీదే పేనం ఎట్టుకున్నాడు." నేను సరేననలేదు, కాదనలేదు.

మర్నాడు పొద్దున ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. అత్త కాఫీ కోసం వెళ్ళింది. "జానకీ, డాక్టరేటన్నాడు?" అన్నాడు. అత్తొచ్చాక చెబుతుంది మావా అన్నాను. "అది సెప్పదు. అది నాకు నచ్చే మాటే సెప్తాది. అందుకే నిన్నడుగుతున్నాను." ఆ కళ్ళలోకి చూసి అబద్ధం ఆడడం నా వల్ల కాలేదు. డాక్టరు అన్నది అన్నట్టు చెప్పేశాను. చెప్తూనే ఏడ్చాను. ఆయన ఏడవలేదు. నా తల మీద చెయ్యి వేసి, "మంచిదమ్మా," అన్నాడు.

పలాస చేరిన వారంలోనే మిషన్ వద్దని కబురు పెట్టేశాడు. షాపు షాపంతా నిర్ఘాంతపోయింది. ఇన్ని పరీక్షలు పాసయ్యాక వద్దనడమేమిటని నేనే ఎదురుతిరిగి అడిగాను. "మిషను పాసైందమ్మా. నానే పాసవ్వనేదు," అన్నాడు. "అది గాడిలో పడాలంటే ఏడాది పాటు దాని పక్కన ఒక మనిషి నిలబడాల. నాను నిలబడలేను. మజ్జిలో నాను పోతే అది మీ అత్త మెడకి గుదిబండైపోద్ది." ఎవరితోనైనా నడిపిద్దామన్నాను. "నువ్వైతే సూసీగలవు. కానీ నీ బతుకంతా నా ఆశకి కట్టీసే అక్కు నాకు నేదు," అన్నాడు. ఆ తర్వాత ఆయన మిషన్ ఊసెత్తలేదు. పంపుల పని వేరే ఊరు పోయింది. డయాలసిస్‌కి విశాఖ పోయిన ప్రతిసారీ, సూదుల చెయ్యి గుడ్డతో కప్పుకుని, తెలిసిన షాపులన్నీ తిరిగి మా పనివాళ్ళలో ఒక్కొక్కరికీ ఒక్కో చోటు చూసిపెట్టాడు. ఊరొదలక్కర్లేకుండా చెయ్యాలనుకున్న మనుషుల్ని తనే ఊరు దాటించాడు. గాజువాకలో నా ఉద్యోగం కూడా ఆయన మాట మీద వచ్చిందే. రెండో వేసవి చూడకుండా ఆయన వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా షాపులో అలాంటి మిషన్లు వరసగా ఉన్నాయి. కొత్తది కొనాలంటే పరీక్షకి నన్నే పంపిస్తారు. కోత సగంలో కరెంటు ఆపించే మనిషినని అమ్మేవాళ్ళకి ముందే తెలిసిపోతుంది. ఇంట్లోనూ, బయటా కూడా నిజం మొహం మీద అనేస్తానని పేరు పడిపోయింది. ఆ పేరు గురించి నాకు బెంగలేదు. ఆయన నన్ను అలా తయారుచేశాడని గర్వంగానే ఉంటుంది.

పోయిన ఏడాది మందస పోయే బస్సులో సావిత్రమ్మ అత్త కనబడింది. చిక్కిపోయింది. పక్కన కూర్చోబెట్టుకుని నా పిల్లల గురించి అడిగింది, జీడితోటల కాపు గురించి చెప్పింది. మాటల మధ్యలో నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "తప్పట్టడం నేదమ్మా, ఊరికే అడుగుతున్నాను. ఆ పొద్దు నువ్వు సెప్పకపోయుంటే, ఆ మిషన్ కొనీసి, దాని సందట్లో ఇంకొన్నాల్లు బతికీవోడేమో కదా?"

కాదత్తా, డాక్టరు ముందే చెప్పేశాడు కదా అనబోయాను. ఆ మనిషి మిషన్ చుట్టూ చిన్నపిల్లాడిలా తిరగడం కళ్ళారా చూసినదాన్ని, అలా అనలేకపోయాను. "తెలీదత్తా," అన్నాను. నాకు నిజంగానే తెలీదు. ఆవిడ తలూపి, నా చెయ్యి మెల్లగా వదిలింది. మందసలో దిగేటప్పుడు ఆవిడ ముఖం కొంచెం తేలికపడినట్టు కనిపించింది. ఆ బరువు ఎటు పోయిందో నాకు తెలుసు.