పూత దూసిన వారం

నేను భయస్తురాలిని. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు. బల్లి అంటే భయం, ఉరుమంటే భయం, బస్సు ఘాట్ రోడ్డెక్కితే భయం. అన్నిటికన్నా మా అత్తంటే భయం. ఆమె నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆమె గొంతు సవరించుకుంటే చాలు, చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడేదాన్ని.

పుంగనూరు దాటాక మా ఇల్లు, ఇంటి వెనకనే మామిడితోట. నలభై తోతాపురి చెట్లు. అన్నీ మా అత్త నాటినవే. మొక్కలుగా ఉన్నప్పుడు చంకన బిందె పెట్టుకుని, ఒక్కోదానికి ఒక్కో బిందె చొప్పున నీళ్ళు మోసి బతికించిందట. మా ఆయన మదనపల్లె టమోటా మండీలో పనిచేస్తాడు. తెల్లవారకముందే వెళ్ళి పొద్దుగూకాక వస్తాడు. తోట సంగతి ఆయన అడగడు, ఆమె చెప్పదు.

ఆ యేడు ఎండాకాలం మమ్మల్ని వేయించుకు తినింది. చెట్ల మొదళ్ళకు పడమటి వైపు బెరడు కమిలి పెచ్చులు లేచింది. తర్వాత వానలైనా పడ్డాయా అంటే, రెండు జల్లులు కురిసి ముఖం చాటేశాయి. దసరా అయ్యాక కుప్పంలో ఉండే మా ఆడబిడ్డకు కాన్పయింది. బాలింతకు చేసిపెట్టడానికి అత్త బయలుదేరింది. బస్సెక్కేముందు నాకు అప్పగింతలన్నీ చెప్పి, ఆఖరున వేలు చూపించి మరీ అంది.

"నీళ్ళు మాత్రం పెట్టద్దు మే. పూతొచ్చి, పిందె శనగ్గింజంత అయ్యేదాకా మోటరు ముట్టద్దు. ఇప్పుడు నీళ్ళు తాగితే ఆకు పెడ్తాదే గానీ పూత రాదు."

ఇది మా వైపు అందరూ చేసేదే. వానాకాలం పోగానే మామిడికి నీళ్ళు ఆపేస్తారు. బెట్టకు వదలడం అంటారు. లోపల దాహం వేసి, పైన చలి సోకితే చెట్టు చిగురు మాని పూతకు వస్తుంది. ఏటా అలాగే చేశారు, ఏటా అలాగే పూసింది. కానీ ఏటా చెట్లు వాన నీళ్ళు కడుపునిండా తాగాక బెట్టకు వెళ్ళేవి. ఆ యేడు ఎండాకాలపు దాహం తీరకుండానే చలికాలంలోకి వచ్చాయి. ఈ తేడా ఆమెకు తట్టలేదు. నాకు తట్టింది.

తట్టక ఏం చేస్తుంది, మదనపల్లె కాలేజీలో మూడేళ్ళు బాటనీ చదివినదాన్ని! ఆకు అడుగున కంటికి కనపడని నోళ్ళుంటాయి. ఎండ ముదిరితే, ఉన్న నీళ్ళు పోకుండా చెట్టు ఆ నోళ్ళు మూసుకుంటుంది. మూసుకుంటే నీళ్ళు మిగులుతాయి, కానీ తిండి ఆగిపోతుంది. ప్రాణం దక్కించుకోవడానికి చెట్టు పస్తు పడుకుంటుందన్నమాట. పరీక్షలో ఇదంతా బొమ్మ వేసి రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అదే సంగతి ఇంటి వెనక నిజంగా జరుగుతుంటే మాత్రం నాకు ఏం చెయ్యాలో తోచలేదు.

నవంబరు వచ్చేసరికి ఆకులు దొన్నెల్లాగా ముడుచుకున్నాయి. పగలు ముడుచుకున్న ఆకు తెల్లారేసరికైనా విచ్చుకోవాలి. అవి విచ్చుకోవడం మానేశాయి. కొమ్మలు పగిలి బంక కారింది. పైగా చలి మొదలైంది. పొద్దున్నే మంచు పట్టి తోట కనపడేది కాదు. చలికి వేళ్ళు నీళ్ళు లాగడం కూడా మందగిస్తుందని చదివినది గుర్తుకొచ్చి ఇంకా హడలిపోయాను. బోరులో నీళ్ళున్నాయి. మోటరు స్విచ్చు వంటింటి వెనక గోడకే ఉంది. చెయ్యి ఎత్తేదాన్ని, మళ్ళీ దించేదాన్ని. చివరికి కుప్పానికి ఫోన్ చేశాను.

"అత్తా, ఆకులు ముడుసుకుంటాండాయి."

"ముడుసుకోనీ. బెట్టంటే అదే గదా."

"బెరడు గూడా పగిలిందత్తా."

"ఇన్నేండ్లుగా సూస్తాండా, నాకు తెలీదా? నువ్వు భయపడి నీళ్ళు గీళ్ళు పెట్టేవు, ఏడాది పంట పోతాది." వెనక పసిబిడ్డ ఏడుస్తోంది. ఆమె తొందరలో ఉంది.

"సరే అత్తా" అన్నాను. ఫోన్ పెట్టేశాక గుండె తేలికపడింది. ఇక ఏమైనా నాది కాదు తప్పు అనుకున్నాను. సిగ్గుమాలిన మాటే అయినా అనుకున్నది అదే.

డిసెంబరు ఆఖర్లో తోట పూసింది. మామూలు పూత కాదు. ఆకు కనపడకుండా, ముసలి కొమ్మల మీదా మొదళ్ళ మీదా కూడా పూసింది. దారినపోయేవాళ్ళు బండ్లు ఆపి చూసి, "ఈ తూరి మీదేమ్మా పంటంతా" అని వెళ్ళేవాళ్ళు. మా ఆయన ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపాడు. నాకు మాత్రం తోటలో నిలబడబుద్ధి కాలేదు. జ్వరం మీదున్న మనిషి ఉన్నట్టుండి లేచి కూర్చుని గట్టిగా నవ్వితే ఎలా ఉంటుందో, ఆ పూత నాకు అలా ఉండింది.

మామిడి అంట్లు కట్టే పెద్దాయన ఒకాయన పుంగనూరు నుంచి ఏటా మా తోటకు అంటు పుల్లల కోసం వస్తాడు. ఈసారి వచ్చినాయన పూతను మెచ్చుకోలేదు. బొటనవేలి గోరుతో బెరడు గీకి చూశాడు. గీకితే లోపల పచ్చగా కనపడాలి. మొదటి చెట్టులో పచ్చ ఉంది. రెండోదాంట్లో పాలిపోయి ఉంది. బోరు పక్కదాంట్లో కట్టె దాకా గోధుమరంగే.

"అమ్మా, ఇది సంతోషంతో పూసింది కాదు" అన్నాడు. "పోతాండానని తెలిసినాక పూసింది. పోయేలోపల నాలుగు విత్తనాలేసి పోదామని సూస్తాండాది."

నేనడిగాను, "ఇప్పుడు నీళ్ళు పెడ్తే?"

"పెట్టు, దినామూ కొంచెం కొంచెం. అయితే ఇంత పూత మోస్తా ఉంటే నీళ్ళు సాలవు. ఉండే సత్తువంతా పూతే తినేస్తాది. పచ్చ మిగిలిన చెట్లన్నిటికీ పూత దూసెయ్యాల. ఈ యేడు కాయుండదు. చెట్టుంటాది."

ఆ రాత్రి మా ఆయనకు చెప్తే, "అమ్మనడుగు" అని అటు తిరిగి పడుకున్నాడు. అడిగితే వద్దంటుంది. వద్దన్నాక చేసే ధైర్యం నాకు లేదు. అడగకుండా చేసే ధైర్యమూ లేదు. అలా ఐదు రోజులు పోగొట్టాను. చెట్లు చస్తున్నాయని తెలిసి కూడా పోగొట్టాను.

ఆరో రోజు పొద్దున చూస్తే, పెరటి గుమ్మానికి ఎదురుగా ఉన్న చెట్టు నిలువునా ఎండిపోయి ఉంది. ఒక్క ఆకు రాలలేదు. పూతతో సహా అంతా పట్టుకునే చచ్చిపోయింది. దాన్ని చూడగానే అత్త మీద భయం ఏమైపోయిందో తెలీదు, అంతకన్నా పెద్ద భయం వచ్చి కూర్చుంది. పరుగెత్తి మోటరు వేశాను. స్టూలు, దోటి తీసుకుని తోటలోకి వెళ్ళాను.

వారం రోజులు దూశాను. అందినది చేత్తో, అందనిది దోటితో. సొన పడి ముంజేతులు బొబ్బలెక్కాయి. మెడ పైకెత్తీ ఎత్తీ పట్టేసింది. కింద పూత పరుపులా పడి ఉండేది, దాన్ని తొక్కుతూనే నడిచేదాన్ని. ఒక్కో రెమ్మ విరిచినప్పుడల్లా ఆమె మోసిన బిందెలే కళ్ళముందు కదిలేవి.

ఇంకొక్క చెట్టు మిగిలి ఉందనగా, చెప్పాపెట్టకుండా అత్త దిగింది. నేను స్టూలు మీద ఉన్నాను. అక్కడే ఉండిపోయాను. ఆమె సంచి నేలమీద పెట్టి, ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్ళింది. బెరడు తడిమింది. ఎండిపోయినవాటి దగ్గర కాసేపు నిలబడింది. అప్పుడు తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నవంబర్లోనే అత్తా."

"ఎవరు సెప్పినారు?"

"ఎవురూ సెప్పలా. సదువుకున్నా గదా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చెయ్యి చాచి, తనకు అందిన కొమ్మ నుంచి పూత దూసి కింద పడేసింది. మళ్ళీ ఇంకొకటి. నా వైపు చూడకుండానే అడిగింది.

"నేనాడ కుప్పంలో ఉంటి. చెట్టు ముందర ఉండింది నువ్వు. నన్నెందుకడిగితివి మే?"

నేను పై కొమ్మకు దోటి వేశాను. ఇద్దరం కలిసి ఆ చెట్టు ముగించాం. నీళ్ళు పెడుతూ పోతే ఎండాకాలానికి ముందు చెట్లు ఒక్కోటిగా ఎర్రచిగురు తొడిగాయి. పదకొండు తొడగలేదు. నేను ఫోన్లో "సరే అత్తా" అన్న రోజున ఆ పదకొండూ బతికే ఉన్నాయి.