వాగుకు వదిలిన మూడు మీటర్లు

నెల్ఫా అక్క బజారు మూలన కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో ఏటి గట్టున పాకలు వేసుకుని బతుకుతున్న ఇరవై ఎనిమిది కుటుంబాలం సంఘంగా కలిసి సొంత స్థలం వెతుక్కోవాలనుకున్నప్పుడు ఆమెనే అధ్యక్షురాలిని చేశాం. వద్దు వద్దంటూనే ఒప్పుకుంది.

ఆదివారాలు చర్చి నుంచి అటే స్థలాలు చూడబోయేవాళ్లం. ఒకటి పల్లం, వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లు. ఇంకోదానికి దారే లేదు. తొమ్మిదోది అందరికీ నచ్చింది. ఒక పక్క చిన్న వాగు, ఇంకో పక్క జనాన్ని ఎక్కించుకునే జీపునీ బండ్లు ఆగే రోడ్డు. ఆ స్థలం ఒక రిటైరైన టీచరుది. విడివిడిగా అమ్మనని, సంఘానికైతే ఇస్తానని ఆవిడ మాటిచ్చింది. మేం ప్లాను గీయించి పురపాలక కార్యాలయంలో ఇచ్చాం.

ఆరు వారాలకు అక్కడి ఇంజనీరు సోలేదాద్ మమ్మల్ని పిలిపించింది. వాగు అంచున మూడు మీటర్లు ఖాళీగా వదలాలట. వదిలితే ఇరవై ఆరు ఇళ్లే పడతాయి.

"ఇద్దర్ని తగ్గించుకోండక్కా. ఈ నెల్లోనే సంతకం అయిపోద్ది," అంది మెల్లగా.

"ఎవర్ని తగ్గించమంటావో పేర్లు నువ్వే చెప్పమ్మా," అంది నెల్ఫా అక్క.

సోలేదాద్ ప్లాను తిరిగిచ్చి, మార్చుకుని రమ్మంది.

ఆ సాయంత్రం అక్క బాస్కెట్‌బాల్ కోర్టు మీద సుద్దతో ఒక ఇంటిని అసలు కొలతల్లో గీసింది. ఆడవాళ్లు అందులో పడుకుని చూశారు, ఉత్తుత్తి పొయ్యి దగ్గర కూర్చుని చూశారు. ఇల్లు ఇంకా తగ్గించలేమని, ప్లానులో ఇంటికీ ఇంటికీ మధ్య వదిలిన సందులు తీసేసి గోడలు కలిపేస్తే అందరికీ చోటు సరిపోతుందని తేలింది. మా సంఘంలోని క్రిసాంతో తాత మాత్రం ఒప్పుకోలేదు. ఆ సందులో పందెం పుంజుల గూళ్లు పెట్టుకోవాలని ఆయన ఎప్పుడో అనుకున్నాడు.

"గోడలు కలిపేస్తే నా పుంజుల్నెక్కడ పెట్టమంటావు? నీ మిషను మీదా?"

"పెట్టు తాతా. అవి కూస్తుంటే నాకూ కునుకు రాదు, పని తెములుద్ది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, కొత్త ప్లాను మీద అందరూ పెట్టాల్సిన సంతకమూ పెట్టలేదు. అక్క మూడు రోజులు ఆ ఊసెత్తలేదు. నాలుగో రోజు ఆయన్నే వెంటబెట్టుకుని సోలేదాద్ దగ్గరికెళ్లి, ఎత్తి పక్కన పెట్టుకోగల గూళ్లను వాగు అంచున ఉంచవచ్చా అని అడిగింది. సోలేదాద్ నియమాల పుస్తకం తిరగేసింది. అక్కడ కట్టడాలు మాత్రమే కూడదని ఉంది. తాత అక్కడికక్కడే, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం చేశాడు.

వానలు వెనకబట్టాక అనుమతి వచ్చింది. ఆ రోజు పెద్ద మూకుడులో పాన్సిత్ నూడుల్స్ వండుకుని తిన్నాం. ఇళ్లకు చీట్లు వేసుకుంటే అక్కకు వరస మధ్యలో ఇల్లొచ్చింది, పక్కల కిటికీలు లేనిది. మార్చుకుందామని ఇద్దరు ముందుకొచ్చినా ఆమె ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఇరవై ఎనిమిది ఇళ్లలోనూ మనుషులున్నారు. ఒకరు దగ్గితే పక్కింట్లోంచి మాత్ర వేసుకున్నావా అని అడుగుతారు. అక్క రెండుసార్లు పదవి దిగిపోతానంది. మేం దిగనివ్వలేదు.