నా వంతుకొచ్చిన ఐదో మాట

మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలో చీటీలు తీస్తారు. ఆ వారం శుక్రవారం నాడు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడాలి. పెద్ద ఊళ్ళలో అయితే బయటినుంచి బోధకులు వస్తారు. మాది మందసకీ బారువకీ మధ్య కొబ్బరి తోటల్లో ఉన్న రేకుల చర్చి, మాకు మేమే బోధకులం. కానుకల సంచిలో చీటీలు వేసి పాస్టరు గారు బల్లల మధ్య తిప్పుతారు. తప్పించుకుందామని వెనక కూర్చునేవాళ్ళ దగ్గరికే ఆ సంచి ముందు వెళ్తుంది. ఆ ఏడాది నేనూ వెనకే కూర్చున్నాను. నా చీటీలో ఐదు అని ఉంది.

పాటల పుస్తకాలు సర్దుతున్న పాస్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. పక్కావిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఎందుకంటే ఐదో మాట దాహం మాట. మేకులతో వేలాడుతూ ఆయన తనకు దాహం వేస్తోందన్నాడు. నేనేమో నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి, డయాలసిస్ మిషన్‌కి చెయ్యి అప్పగించి బతుకుతున్న మనిషిని. రోజంతటికీ ముప్పావు లీటరు నీళ్ళు నా వాటా, చిన్న గ్లాసుతో కొలుచుకుని తాగాలి. టీలో పోయేదీ, చారులో పోయేదీ అందులోదే. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లున్నా ఒక్క బొండం నాకు పనికిరాదు, ఆ నీళ్ళు నా గుండెకి చెరుపట. మా ఉద్దానంలో ఈ కిడ్నీల జబ్బు గురించి వివరంగా చెప్పక్కర్లేదు, మా ఒక్క వీధిలోనే ముగ్గురం.

సాయంత్రం పాస్టరు గారు ఇంటికొచ్చారు. చీటీ మార్చేస్తానని, మొదటి మాట తీసుకోమని బతిమాలారు. మొదటిది క్షమించే మాట. ఆ రోజుల్లో దాహం కన్నా క్షమించడమే నాకు కష్టమని ఆయనకి తెలీదు. సంచిలో చెయ్యి పెట్టింది నేనే కదా, వచ్చిందే చెప్తానన్నాను. నా మొండితనం ఆ ఊరికి కొత్త కాదు.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఈస్టర్ తర్వాత మిషన్‌కి వెళ్ళడం మానేద్దామని నలభై రోజుల ప్రార్థనలు మొదలైనప్పుడే అనుకున్నాను. దేవుడికొక్కడికే చెప్పాను, అదీ ప్రార్థనలా కాదు, తగువు పెట్టుకున్నట్టు. ఈస్టర్ దాకా చూస్తాను, నువ్వు లేచే పండగ కాబట్టి నీ మొహం చూసి ఆగుతున్నాను, ఆ సోమవారం నించి నన్నడగకు అన్నాను. సముద్రం వైపు సరుగుడు తోట పక్కన ఇసకలో మా సమాధులున్నాయి. అంతకుముందు ఏడు అక్కడికి వెళ్ళినప్పుడే నా చోటు కూడా చూసుకున్నాను, మూల మీది సరుగుడు చెట్టు కింద, మధ్యాహ్నం దాకా నీడ ఉండేచోట.

ఇంతకీ నన్ను అలిసిపోయేలా చేసింది సూదులు కావు. మనుషులు నా ఎదుట నీళ్ళు తాగడం మానేశారు. నేను గదిలోకి రాగానే గ్లాసు చీర చాటుకి వెళ్ళిపోయేది. మా ఆయన తోటలోంచి చెమటలు కక్కుతూ వచ్చి, నన్ను చూసి, దాహం లేనట్టు మొహం పెట్టి పెరట్లోకి వెళ్ళి తాగేవాడు. మా అత్త తలుపు వెనక నిలబడి తాగేది. చప్పుడు కాకుండా మింగడం కూడా నేర్చుకుంది పాపం. అందరిదీ ప్రేమేనని నాకు తెలుసు. కానీ చావు జరిగిన ఇంట్లో రేడియో కట్టేస్తారే, అలా నా చుట్టూ నీళ్ళు కట్టేశారు. పోయినదాన్ని నేనే అనిపించేది.

నీళ్ళు నాకు కలల్లోనే మిగిలాయి. మిషన్ మీద నాలుగు గంటలు పడుకోవాలి. రక్తం బయట తిరిగి వస్తుంటే ఒళ్ళు చల్లబడిపోతుంది, ఏప్రిల్‌లో కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి కప్పుకోవాల్సిందే. ఆ మగతలో టెక్కలి దగ్గర మా పుట్టింటి నుయ్యి కనిపించేది. బాల్చీ వేసేదాన్ని, చేంతాడు ఎంతకీ అయ్యేది కాదు, కింద నీళ్ళు మాత్రం మెరుస్తూ ఉండేవి. ఎడమ చేతిలో సూదుల కోసం కలిపిన నరం ఎప్పుడూ గుయ్యిమంటూ ఉంటుంది. చెయ్యి చెవి కింద పెట్టుకుంటే బారువ తీరాన పడుకున్నట్టే ఉండేది. నర్సమ్మ భుజం తట్టి టైమయిందంటే, ఏ ఊళ్ళో ఉన్నానో కాసేపు తెలిసేది కాదు. కిటికీలోంచి జీడిపప్పు బట్టీల పొగ వాసన వచ్చాక, పలాసే అనుకునేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా చర్చిలో ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టరు. నిజం చెప్పొద్దూ, ఏడాదిలో ఆ మూడు గంటలే నాకు పండగ. రేకుల కింద ఉడుకుతూ, నాలిక పిడచగట్టి, అందరూ నా దారికొచ్చేస్తారు. మా అత్త ఎప్పట్లాగే నా గొడుగూ సంచీ పట్టుకుని వచ్చి బయట మెట్టు మీద కూర్చుంది. ఆవిడ చర్చి లోపలికి రాదు. కొబ్బరి రైతుల ఇల్లు వాళ్ళది, కార్తీక సోమవారాలు రావివలస ఎండల మల్లన్నకి మొక్కుకునే మనిషి. నేను చర్చి ఇంటి పిల్లని. ప్రేమ పెళ్ళి నాటి గొడవలు ఎప్పుడో అయిపోయాయి, మిగిలింది ఆ మెట్టే.

నా వంతు వచ్చింది. రెండు కాగితాల నిండా రాసుకున్నాను, దాహమంటే ఆత్మల దాహమని, అంతా శ్రేష్ఠంగా. మైకు ముందు నిలబడ్డాక కాగితం మడిచేశాను. ఆయనకి వేసింది నీళ్ళ దాహమేనన్నాను. ఎండలో రక్తం పోతున్న ఒంటికి వేసే దాహం, దాని రుచి నాకు తెలుసన్నాను. గాలినీ సముద్రాన్నీ అణిచినవాడు ఆ పూట ఒకరిని అడుక్కున్నాడు. అడగడం ఎంత కష్టమో కూడా నాకు తెలుసు. అడిగితే పులిసిన ద్రాక్షరసం స్పంజిలో ముంచి కర్రతో అందించారు, ఎవరూ దగ్గరకొచ్చి తాగించలేదు. ఇంతవరకూ గొంతు బాగానే ఉంది. తర్వాత ఒక మాట నోట్లోంచి వచ్చేసింది.

"మీరందరూ నా ముందు నీళ్ళు తాగండి. దాక్కోకండి. దాహం నేను ఓర్చుకుంటాను, ఒక్కదాన్నే ఉండటం ఓర్చుకోలేకపోతున్నాను."

కూర్చున్నాను. ఆరో మాట చెప్పాల్సినాయన లేవడానికి చాలాసేపు పట్టింది. మూడు దాటాక ఆనవాయితీగా మజ్జిగ పంచారు. గ్లాసులందుకున్నవాళ్ళంతా, వందేళ్ళ అలవాటులా, నా వైపు వీపు తిప్పి గోడకేసి తాగారు. నేను చెప్పింది విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరితో ఏం చెప్పినా ఇంతే అనుకుని చెప్పులేసుకున్నాను.

ఇంటి దారిలో మా అత్త గొడుగు విప్పింది. తోట మలుపు దగ్గర జీడి పళ్ళు రాలి పులిసిన వాసన వస్తోంది. అక్కడ ఆగి అడిగింది.

"మా మల్లన్న ఎండలోనే ఉంటాడు, నెత్తి మీద కప్పు నేదు. గానీ బిందెలకి బిందెలు నీల్లు పోత్తారు ఆయనికి. మీ దేవుడు నోరు తెరిసి అడిగితే, గుక్కెడు పోసినోలు ఎవులూ నేరేటి, అమ్మీ?"

లేరత్తా అన్నాను. ఆవిడ నాలిక చప్పరించి, గొడుగు నా వైపుకి వంచి నడిచింది. అంతే. చిన్నప్పటి నుంచీ నేను వింటున్న బోధల్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

శనివారం మిషన్ మీద ఒక కల వచ్చింది. రావివలసో, ఆయన్ని సిలువ వేసిన గొల్గొతా కొండో తెలీదు, తెల్లటి ఎండ. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, చివర నేను, నా చేతిలో మందుల గ్లాసంత నా కొలత గ్లాసు. నా వంతు వచ్చేసరికి సిగ్గేసింది, ఇంతే ఉందన్నాను. ఆయన సగం తాగాడు. మిగిలిన సగం నాకిచ్చాడు. గొంతులోంచి దిగుతుంటే చల్లగా కడుపుదాకా తెలిసింది. నర్సమ్మ లేపింది. నోరు పిడచగట్టే ఉంది. కలలో తాగించి పంపేవాడివి నువ్వొకడివి అని ఆయన మీద ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి దుప్పటి నాలుగు మడతలు పెట్టి, కలరా ఉండలు వేసి పెట్టెలో పెట్టేశాను. నాలుగేళ్ళలో అది పెట్టెలోకి వెళ్ళడం అదే మొదటిసారి. మా అత్త గుమ్మంలో బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది.

ఈస్టర్ నాడు ఇంకా మసక ఉండగానే చర్చి దగ్గర కలుస్తాం. కొవ్వొత్తులు సముద్రపు గాలికి ఆరిపోకుండా కొబ్బరి చిప్పల్లో నిలబెట్టి, పాడుకుంటూ సమాధుల దగ్గరికి నడుస్తాం. ఇసకలో కాళ్ళు దిగబడుతుంటే, వెలుగులు ఒకదాని వెనక ఒకటి ఊగుతుంటే, నడుస్తున్నామో తేలుతున్నామో నాకు తెలియలేదు. ముందురోజే సున్నం వేసిన సమాధులు చీకట్లో కూడా తెల్లగా ఉన్నాయి. నాతోపాటు పలాస వచ్చి, పక్క మంచం మీద కబుర్లు చెప్పినావిడ సమాధి కూడా ఉంది అందులో. ఆవిడ దగ్గర నా చిప్ప పెట్టాను. వచ్చే ఏడు ఎవరో నాకు పెడతారనుకున్నాను. భయం వెయ్యలేదు, తీరిక దొరుకుతుందన్నట్టు అనిపించింది. అదే తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

సూర్యుడు నీళ్ళలోంచి వస్తుండగా పాస్టరు గారు మాట్లాడారు. లేచినవాడు శిష్యులకి ముందు చేతులు చూపించాడన్నారు. ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం నా ఎడమ చేతి వంక చూసుకున్నాను, సూదులతో గడ్డలు కట్టి, తాడులా ఉబ్బిన నరం వంక. ఆయన మేకుల గుర్తులు మాన్పుకుని లేవలేదు. అవి ఉండగానే లేచాడు. నేను ఇన్నాళ్ళూ గాయం పోతేనే లేవడమనుకున్నాను. ఆ మాట లోపలికి దిగింది గానీ, పెట్టెలో దుప్పటిదాకా వెళ్ళలేదు.

ఆరాధన అయ్యాక అందరూ ఇసకలో చతికిలబడ్డారు. ఉప్మా గిన్నెలు తెరుచుకున్నాయి. నీళ్ళ బిందె ఎప్పట్లాగే నాకు కనబడకుండా చెట్ల వెనక పెట్టారు. అప్పుడు మా అత్త వచ్చింది, తోట దారిన, ఇత్తడి చెంబు ఒక చేత్తో, చంకలో ఏదో మూట. మా పండక్కి ఆవిడ రావడం ఎప్పుడూ లేదు. పాటలవాళ్ళు చూస్తూ ఉండిపోయారు. ఆవిడ ఎవరినీ పట్టించుకోకుండా నీడ కోసం చూసి, మూల మీది సరుగుడు చెట్టు కిందికి వెళ్ళింది. అక్కడ కాదత్తా అనబోయాను. ఈలోగా ఆవిడ మూట విప్పి పరిచింది. నా దుప్పటి. కలరా ఉండల వాసన గుప్పుమంది.

"కూకో" అంది, పక్కన చోటు చూపించి.

నేను చూసిపెట్టుకున్న ఇసక మీద, నా దుప్పటి మీద, మా అత్త పక్కన కూర్చున్నాను. ఆవిడ చెంబెత్తి, నా మొహంలోకి చూస్తూ, గటగటా తాగింది. చప్పుడయ్యేలా, గొంతు కదిలేలా, గడ్డం మీంచి రవిక మీద కారేలా. నాలుగేళ్ళయింది ఒక మనిషి తృప్తిగా నీళ్ళు తాగడం చూసి. ఎంత బాగుందో. తర్వాత కొంగు ముడి విప్పి నా కొలత గ్లాసు తీసింది, చెంబులో మిగిలినది అందులోకి వంచింది. గ్లాసు సరిగ్గా సగం నిండింది. ఆవిడకి నా కల సంగతి తెలిసే దారే లేదు, నేను ఇంతవరకూ చెప్పలేదు కూడా. తాగాను. నూతి నీళ్ళు, ఇత్తడి రుచి. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

చుట్టూ చూస్తే ఎవరో బిందె చెట్ల వెనక నుంచి తెచ్చి మధ్యలో పెడుతున్నారు. పాస్టరమ్మ నా ఎదురుగా కూర్చుని, గ్లాసు నిండా ముంచుకుని, నా కళ్ళలోకి చూస్తూ తాగింది. తర్వాత పక్కావిడ. ఎవరూ వీపు తిప్పలేదు.

మా అత్త దుప్పటి అంచు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఇది ఇయ్యాల ఎండలో ఎయ్యాల, కంపు పోవాలి గదా. రేపు ఎన్నింటి బస్సుకి ఎల్తాం? నానూ వత్తాను."

దేవుడితో పెట్టుకున్న తగువు గుర్తొచ్చింది. ఈస్టర్ దాకా చూస్తానన్నాను. చూశాను.

ఆరున్నర బస్సుకి అన్నాను.

ఆ రోజంతా దుప్పటి మా తోటలో రెండు కొబ్బరి చెట్ల మధ్య తాడు మీద ఉంది. సోమవారం పలాసలో మిషన్ తిరగడం మొదలై, ఒళ్ళు చల్లబడుతుంటే, బయట కూర్చున్న మా అత్త లోపలికొచ్చి దాన్ని మెడదాకా కప్పింది. కలరా ఉండల వాసన పోయింది. ఎండ వాసన వేస్తోంది.