మంచు చెరువు అడుగున మా గుంపు గోల

ఒక చెరువు పరువు తీసిన మనిషిని మీరు ఎప్పుడూ చూసి ఉండరు. ఇదిగో, నేనే. అది మన ఊళ్లలో ఉండే చెరువు కూడా కాదు. భూమికి దక్షిణపు కొసన, ఎండాకాలంలో కూడా మంచు మూత తియ్యని చెరువు. అందులో చేప లేదు, కప్ప లేదు. ఎన్ని వేల ఏళ్లుగానో కిక్కురుమనకుండా ఉన్న ఆ నీళ్లలో, ఫిలింనగర్‌లో నిలబడి, ఒక్క పూటలో నేను సంత పెట్టించాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. సినిమాలో పెళ్లి జరుగుతుంటే వెనకనుంచి "పిల్ల బంగారు బొమ్మే!" అంటుంది చూడండి ఒక గొంతు, అది నాది. బస్సు లోయలో పడితే "అయ్యో దేవుడా!" అనేదీ నేనే. వీటిని గుంపు గొంతులంటారు. తెర మీద నలుగురు కనబడితే చాలు, మేం ఆరుగురం మైకు చుట్టూ మూగి నలభై మందిలా అరుస్తాం. ఇరవై ఏళ్లు అలా అరిచాను గానీ, ఒంటరిగా ఒక్క మాట చెప్పింది లేదు. పాత్రకు గొంతివ్వాలంటే కాగితం చదవాలి. నాకు చదువు రాదు.

యాభై రెండో ఏట, మధురానగర్‌లో ఒక టీచరమ్మ మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చెప్పే క్లాసులో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. కోతికి కొబ్బరికాయ దొరికితే ఏం చేస్తుందో నేను చూడలేదు గానీ, యాభై రెండేళ్ల ఆడమనిషికి అక్షరాలు దొరికితే ఏం చేస్తుందో యూసుఫ్‌గూడ అంతా చూసింది. షాపుల బోర్డులు, గోడల మీద పోస్టర్లు, మందు సీసాల మీద హెచ్చరికలు, అన్నీ పైకే చదివేదాన్ని. ఒక ఆటో అతను వెనక్కి తిరిగి, "అమ్మా, నాక్కూడ చదువొస్తది," అన్నాడు పాపం.

సరిగ్గా అప్పుడే డబ్బింగ్ చెప్పించే శ్రావణి నుంచి ఫోన్ వచ్చింది.

"సుబ్బక్కా, ఒక డాక్యుమెంటరీ ఉంది. అందులో ఒక పెద్దావిడ సైంటిస్టు. మీ గొంతులో గరగర ఉంది చూడండి, అది కావాలి. ఎనిమిదే డైలాగులు. పక్కన ఎవరినైనా పెట్టి అందించమంటారా?"

"నాకెవరూ అందించక్కర్లేదమ్మా. కాగితాలివ్వు."

"కుదరకపోతే మొహమాటపడకండి. వేరే ఆవిడ రెడీగా ఉన్నారు."

వేరే ఆవిడ! ఇరవై ఏళ్లకు ఒక పాత్ర వస్తే, దాని గుమ్మంలో అప్పుడే వేరే ఆవిడ చెప్పులు విడిచి నిలబడి ఉంది. పట్టుదలగా చదవడం మొదలుపెట్టాను. మొత్తం మూడు పేజీలు. నాలుగు రోజుల్లో రెండు పేజీలు పూర్తిచేసి, నా ఎనిమిది డైలాగులూ కంఠతా పట్టేశాను. రెండో పేజీ చివర ఒక వాక్యం ఉంది: "ఈ మంచు కింద, చెరువు అడుగున, కోట్లాది జీవులు పొరలు పొరలుగా కిక్కిరిసి నివసిస్తున్నాయి."

కోట్లాది! కిక్కిరిసి! గుంపు కనబడితే గొంతు పడాలి, మా వృత్తిలో మొదటి పాఠం అది. జీవులైతే ఏం? ఎద్దుల పందేల సీన్లో ఎద్దులకు రంకెలు వేసింది ఎవరనుకున్నారు? ఈ చిన్నపిల్ల శ్రావణి నాకు ఎనిమిది డైలాగులు రాసింది గానీ, అంత జనానికి ఒక్క అరుపైనా రాయలేదు. నేను లేకపోతే సినిమా ఏమైపోయేది! నా డైలాగు ఒక్కటీ లేని మూడో పేజీ పక్కన పడేసి, మా గుంపులో నా జోడీ మరియమ్మకు ఫోన్ చేశాను.

"రేపు పదింటికి ఫిలింనగర్ స్టూడియోకు రా. ఇంకో నలుగురిని తీసుకురా."

"ఏం సీను వదినా? పెళ్లా, చావా?"

"రెండూ కాదు. చెరువు కింద ఊరు."

"మునిగిపోయిందా?"

"లేదే, అక్కడే కాపురాలు."

"ఎంతమంది?"

"కోట్లు."

మరియమ్మ ఫోన్లోనే లెక్క కట్టింది. "నలుగురు చాలరు వదినా. ఐదుగురిని తెస్తాను."

మర్నాడు శ్రావణి చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. మొదలుపెట్టెయ్యమని ఫోన్లో చెప్పింది. అద్దం వెనక మిషను దగ్గర కూర్చునే యాదగిరి మా దండును చూసి కళ్లజోడు సవరించుకున్నాడు.

"అక్కా, గింతమంది ఎవరు? నాకైతే ఎవ్వలు చెప్పలే."

"సైంటిస్టును నేను. నాకు తెలుసు," అన్నాను.

దీపాలు ఆర్పారు. తెర మీద అంతా తెలుపు. ఆ తెలుపులో ఒక చిన్న బిలం. మంచును రెండు నిలువుల లోతు తొలిచి కెమెరాను కిందికి దింపారు. ఎంతసేపు దిగినా నీలం, ఆ తర్వాత ఇంకా ముదురు నీలం. చిట్టచివర దీపపు వెలుగు పడగానే అడుగు కనబడింది. ఊదారంగు మఖమల్ గుడ్డను మడతలు మడతలుగా పరిచినట్టుంది. దాని మీద అక్కడక్కడ బొటనవేలంత గోపురాలు. మనిషి జాడ మాత్రం లేదు. ఇళ్లలోపల ఉన్నారేమో అనుకుని చెయ్యి ఎత్తి సైగ చేశాను.

ఇంక చూడండి!

"ఎవరర్రా ఆ దీపం పట్టుకొచ్చింది?"

"కొత్తోళ్లొచ్చారోయ్!"

"పిల్లలు జాగర్త!"

"ప్రభువా, మా చెరువును కాపాడయ్యా!" ఇది మరియమ్మ.

"జిందాబాద్!" మాలో ఒకామె ఉంది లెండి, పెళ్లయినా చావయినా అదే అంటుంది.

సరిగ్గా అప్పుడు తలుపు తీసుకుని శ్రావణి వచ్చింది. వచ్చి, అలాగే నిలబడిపోయింది. యాదగిరి రికార్డయినదంతా ఆమెకు వినిపించాడు. విన్నాక మెల్లగా, "మేడమ్, చెర్ల బోనాలు జరుగుతున్నట్టుంది," అన్నాడు.

"సుబ్బక్కా, ఏంటిది?"

"అంత జనం ఉన్నారు కదమ్మా, ఎవరూ పలకకపోతే ఎలా?"

"మూడో పేజీ చదివారా?"

"రెండు పేజీలు చాలా బాగా చదివాను."

"ఇప్పుడు చదవండి. పైకి."

దీపం వేశారు. ఆరుగురు ఆడవాళ్లు, యాదగిరి, శ్రావణి చూస్తుండగా కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. "వీటికి నోరు లేదు." అక్కడే నా నోరు ఎండిపోయింది. "కళ్లు లేవు. చెవులు లేవు. ఒక్కొక్కటిగా చూస్తే మన కంటికి ఆనవు."

జిందాబాద్ ఆమె పైట చెంగు నోట్లో కుక్కుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరికి నోరే లేదు, ఇక మంచీ చెడ్డా ఏం చెప్పను?

తప్పదు కదా, ముందుకు సాగాను. నా చదువు నడక తెలిసిందే, మాటకూ మాటకూ మధ్య టీ తాగి రావచ్చు. "మంచును దాటి, దిగే, కాసింత వెలుతురే, వీటి తిండి. నెలల తరబడి, సూర్యుడు రాడు. అప్పుడు ఓర్చుకుంటాయి. వీటిని తినే చేప లేదు. తొక్కే కాలు లేదు. అందుకే పొర మీద పొర వేసుకుంటూ, గోపురాలు కడతాయి. చెట్టూ జంతువూ పుట్టకముందు, భూమి మీద బతుకు, ఇలాగే ఉండేది."

చదవడం అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేను ఆగి ఆగి చదవడం వల్లనేమో, ఒక్కొక్క మాటా ఆ నీళ్లలోకి దిగిన దీపంలా దిగింది.

"సూర్యుడు రాకపోతే మరి ఏం తింటాయమ్మా?" అంది మరియమ్మ.

"దాచుకున్నదేదో కొంచెం. తిన్నా తినకపోయినా, కదలకుండా ఉంటాయి," అంది శ్రావణి.

"నయమే. నాకు పదకొండింటికి టీ పడకపోతే కళ్లు తిరుగుతాయి," అంది జిందాబాద్ ఆమె.

శ్రావణి నవ్వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆడవాళ్లను ఇంటికి వెళ్లమంటే ఒక్కరూ కదల్లేదు. చెరువు మొత్తం చూసే వెళ్తామని నేల మీద చతికిలబడ్డారు.

నా డైలాగుల్లో ఏడింటిని ముళ్లపొదలో మేకలా గబగబా దాటేశాను. ఎనిమిదోది ఉంది చూశారూ, దాన్లో మాట చివర పెద్దావిడ తన కెమెరా తెర వంక చూస్తూ చిన్నగా "అబ్బ" అనాలి. అంతే. ఇరవై ఏళ్లు ఊళ్లు తగలబడితే అరిచినదాన్ని, ఒక్క "అబ్బ" నాకు లెక్కా?

మొదటిసారి అన్నాను. "నడుం పట్టేసినట్టుందక్కా," అంది శ్రావణి. రెండోసారికి, "కూర మాడినట్టుంది." మూడోసారికి యాదగిరి, "దయ్యం పట్టినట్టున్నది," అన్నాడు. ఏడోసారికి శ్రావణి గొంతు మారింది. "అక్కా, ఏమీ అనుకోకండి. ఇది ఒక్కటీ రాకపోతే, మొత్తం వేరే ఆవిడతో చెప్పించాల్సి వస్తుంది. చివరిసారి చూద్దాం."

మళ్లీ దీపాలు ఆర్పారు. తెర మీద ఊదా మఖమల్ కొసన చిన్న ముక్క ఒకటి, తను వదిలిన గాలి బుడగలే రెక్కలైనట్టు, అడుగునుంచి ఊడి మెల్లగా పైకి లేచింది. నోరు లేదు, కాలు లేదు, రెక్క లేదు. అయినా నీళ్లలో తేలుతూ వెళ్లి మంచు కప్పుకు కిందినుంచి ఆనుకుని నిలిచింది. నేను నా డైలాగు చెప్పాను. తర్వాత అనాల్సింది మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయాను.

"అబ్బ."

"ఓకే!" అద్దం వెనకనుంచి శ్రావణి గంతేసింది. "అక్కా, అదే! ఇన్నిసార్లూ అదే కదా అడిగింది!"

ఆ 'అబ్బ'కు నా నోరు ఇంకా తెరుచుకోనే లేదు. వెనక్కి తిరిగి చూస్తే, మరియమ్మ తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుని ఉంది. నేను యాదగిరిని చూశాను. అతను మిషనును చూశాడు. "చీకట్ల ఎవరి నోరు ఎవరిదో నాకేం ఎరుక," అని గొణుక్కున్నాడు.

పాత్ర నాకే దక్కింది. సినిమా చూసినవాళ్లందరూ, "మాటలదేముంది గానీ సుబ్బక్కా, చివర ఆ ఒక్క 'అబ్బ' అన్నారు చూడండి, ప్రాణం పెట్టేశారు," అంటారు. తల వంచుకుని, "ఏదో అలా వచ్చేసిందమ్మా," అంటాను. అబద్ధం కాదు కదా, వచ్చింది. ఎక్కడినుంచి అని వాళ్లు అడగలేదు.

కనుక ఆకాశం, భూమి, ఆ మంచు చెరువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నోరు లేని జీవికి ఇకమీదట నోరు పెట్టను. చివరి పేజీ చదవనిదే ఫోను ముట్టను. ఆశ్చర్యపోవాల్సిన పాత్ర ఏదొచ్చినా, నా పక్కన మరియమ్మకు ఒక కుర్చీ వేయిస్తాను.