రుగుమా కోసం బురదలో దిగిన వదిన

పండక్కి ఆరు రోజులుందనగా రుగుమా చిరిగింది. సాహసాలు చేద్దామని వచ్చిన ఓ తెల్లాయన, ఆడవాళ్ళు కర్రపెండలం పిండడం చూసి తానూ కూర్చుంటానని సరదాపడ్డాడు. రుగుమా అంటే చెట్టుకు వేలాడే పొడుగాటి అల్లిక సంచి; అందులో దుంప తురుము నింపి, అడుగున కర్ర దూర్చి, దానిమీద నెమ్మదిగా కూర్చుంటే దుంపలోని విషపు నీళ్ళన్నీ కారిపోతాయి. ఆయన కూర్చోలేదు, ఎగిరి దూకాడు. సంచి పర్రున విచ్చుకుంది. ఆయన పిండిలో వెల్లకిలా పడ్డాడు.

“ఫోటో తీశారా?” అన్నాడు లేస్తూనే.

“తీశాంలే బాబూ, ఆ నీళ్ళు నోట్లోకి పోనివ్వకు, మళ్ళీ ఫోటో ఉండదు” అంది యులాలియా.

రుగుమా లేకపోతే కర్రపెండలం పిండితో కాల్చే ఎరెబా రొట్టె లేదు. తాతలు పడవల్లో ఈ బెలీజ్ ఒడ్డుకు చేరిన రోజుని తలుచుకునే పండగనాడు రొట్టె లేకపోతే, నలభై ఏళ్ళుగా ఊరందరికీ కాల్చిపెట్టే యులాలియా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అల్లడం తెలిసినవాడు చుట్టుపక్కల ఒక్కడే, ఆమె మరిది కాతరీనో. అతనితో ఆమెకు పదకొండేళ్ళుగా మాటల్లేవు.

గొడవంతా ఒక చేప మీద. తుపాను గాలిలో ఒంటరిగా పగడపు దిబ్బ దాటి మనిషంత చేపను పట్టానని కాతరీనో ఒక పెళ్ళివిందులో కోతలు కోస్తుంటే, “పట్టావా, కొన్నావా?” అని అడిగిందామె. పందిరంతా నవ్వింది. ఆ నవ్వుకి అతను ఊరొదిలి ఏటి ఎగువన గుడిసె వేసుకున్నాడు.

అరవై ఎనిమిదేళ్ళ యులాలియా దోనె తీసుకుని ఒక్కతే ఎదురేటికి తెడ్డేసింది. వానలకు ఏరు పొంగి ఉంది. ఒడ్డున మొసలి ఒకటి నోరు తెరిచింది. “నా దగ్గర కండ లేదే, నోరు మాత్రమే ఉంది. పో” అని కసిరి ముందుకు సాగింది.

కాతరీనో గడప మీద కూర్చుని పైపు పీలుస్తున్నాడు.

“రుగుమా కావాలి” అంది దిగుతూనే.

“చేప ఎవరు పట్టారు వదినా?”

“అల్లుతావా, అల్లవా?”

“కాతరీనోయే పట్టాడని ఊరి మధ్య నిలబడి చెప్పు, అల్లుతా. తీగ కూడా నువ్వే కోసుకురా, నాకు నడుం పట్టేసింది.”

ఆమె కత్తి పట్టుకుని, తీగ పెరిగే చిత్తడిలోకి దిగింది. మూడో అడుగుకి మోకాలు, అయిదో అడుగుకి నడుం మునిగింది.

“చెప్పేయ్ వదినా, లాగేస్తా!”

“నువ్వేం లాగక్కర్లేదు. ఇక్కడ చల్లగా ఉంది.”

బురద గుండెల దాకా వచ్చింది. అప్పుడు కాతరీనో నోట్లోంచి పైపు జారింది. నడుం నొప్పి మరిచి, తెడ్డు చాపుతూ పరిగెత్తుకొచ్చి, జారి, ఆమె పక్కనే దబ్బున పడ్డాడు. బొజ్జ మనిషి, ఆమె కంటే త్వరగా దిగబడ్డాడు.

“వదినా, పోతున్నానే!”

“నోరు మూసుకో, బురద లోపలికి పోతుంది.”

“పోయేముందు చెప్పాలి. ఆ చేప కొన్నదే! హోండురాస్ పడవవాళ్ళ దగ్గర. ఇరవై డాలర్లు!”

“ఇరవయ్యా? మెత్తబడిపోయిన ఆ చేపకి? నిన్ను నిలువునా ముంచారు కదరా!”

అని యులాలియా నిటారుగా లేచి నిలబడింది. బురద నడుం దగ్గరికి దిగిపోయింది. అతని చొక్కా కాలరు పట్టుకుని ఇవతలికి ఈడ్చింది.

“నీ కాళ్ళకింద ఏముంది?” అన్నాడు కాతరీనో రొప్పుతూ.

“మడచెట్టు వేరు.”

“ఎప్పట్నించీ?”

“నడుం మునిగినప్పట్నించీ. మోకాళ్ళు వంచుకుని నిలబడేసరికి ప్రాణం పోయిందనుకో.”

“మరి చెప్పవేం?”

“నువ్వు అడిగితేగా! చేప గురించే అడుగుతుంటివి.”

ఆమె కోసుకొచ్చిన తీగతో కాతరీనో మూడు రోజులు కూర్చుని రుగుమా అల్లాడు. ఆమె అరటికాయలు దంచి ముద్ద చేసి, కొబ్బరిపాలలో చేప వండి పెట్టింది. రెండోనాడు నోటినిండా ముద్ద పెట్టుకుని మెల్లగా అడిగాడు.

“వదినా, చేప సంగతి ఊళ్ళో చెబుతావా?”

“అల్లిక వదులుగా ఉంటే చెబుతా.”

ఆ తర్వాత అతను ఒక్కో పేటనూ పళ్ళతో లాగి బిగించాడు. పండగ ముందురోజు ముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి కర్రమీద కూర్చున్నా ఒక్క పోగు కదల్లేదు. పిండి పొడిపొడిగా రాలింది. రొట్టె వేళ్ళమధ్య ఫెళ్ళున విరిగింది.

ఆ మొండివాడి చేత ఎలా అల్లించావమ్మా అని ఊరంతా అడిగింది.

“అడిగాను, అల్లాడు” అంది యులాలియా.

బల్ల అవతల కాతరీనో ఊపిరి పీల్చుకుని, మారు వడ్డించమని పళ్ళెం చాపాడు.