చూపుకు వెళ్ళిన చీర

ఏ యంత్రం కనబడినా, అది చేసే పని కంటే, ఎప్పుడు ఏది చేయనంటుందో గమనించడం నాగవేణికి చిన్ననాటి అలవాటు. తలుపు మూయనిదే లిఫ్టు ఎందుకు కదలదని పదేళ్ళ వయసులోనే అడిగిన పిల్ల. ముప్ఫై నాలుగో ఏట ఉద్యోగం మాని, పామర్రు నుండి రోజూ బస్సులో వస్తూ, బెజవాడ కొట్లకు ప్రోగ్రాములు రాసిపెట్టడం మొదలుపెట్టింది. దొరికిన మొదటి కొట్టు గవర్నర్‌పేటలో అంకమ్మరావు గారి చేనేత చీరలది.

మూడో వారానికే ప్రోగ్రాము పరువు తీసింది. ఒక పెళ్ళివారు ఇంట్లో ఆడవాళ్ళకు చూపించి తెస్తామని ఒక చీర పట్టుకెళ్ళారు. తెరమీద దాని ‘అమ్మకం’ బటన్ మాత్రం వెలుగుతూనే ఉంది. ఫోనులో ఫొటో చూసిన మైలవరం ఆవిడకు అదే చీర అమ్మేశారు.

అంకమ్మరావు గారు కేకలు వేయలేదు. శనివారం దాకా చూస్తాననీ, ఆపైన కంప్యూటరు మూసేస్తాననీ అన్నారు. ఈ కొట్టు చేజారితే ఆ బజారులో ఆమెను మరొకరు గడప తొక్కనివ్వరు.

మర్నాడు ఉదయం తల్లి రావమ్మ పూజ చేస్తుంటే నాగవేణి చూస్తూ ఉండిపోయింది. ఆవాహన కానిదే నైవేద్యం లేదు. ఉద్వాసన చెప్పాక హారతి లేదు. ఏ ఘట్టంలో ఉన్నామో తెలిస్తే, చేయదగినదీ చేయరానిదీ దానంతటదే తేలిపోతుంది. తన ప్రోగ్రాములోనో, వెలగాలో వద్దో చెప్పడానికి ప్రతి బటన్‌కూ వేరే గుర్తు. ఆ గుర్తులకు ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

కాగితం మీద మూడు సున్నాలు చుట్టింది: అల్మరాలో, చూపుకు, అమ్ముడైంది. ఒకదాని నుండి ఒకదానికి వెళ్ళే దారులకు బాణాలు గీసింది. ఏ చీరైనా ఒక వేళకు ఒక్క సున్నాలోనే ఉండాలి. అక్కడి నుండి బాణం ఉన్న పనికే బటన్ వెలగాలి.

కొట్లో చీరలు మడతపెట్టే రత్తయ్య ఆ కాగితాన్ని ఎగాదిగా చూశాడు.

“మరి నా ఒళ్ళో ఉన్న చీర ఎందులో ఉందమ్మా?”

చూపుకు వెళ్ళి తిరిగొచ్చిన చీరను, జరీ అంచు లోపలికి వచ్చేలా మళ్ళీ మడవనిదే ఆ కొట్లో అమ్మరు. మడత చెదిరితే కట్టి విడిచినదనుకుంటారట. నలభై ఏళ్ళుగా అందరికీ తెలిసినదే గనుక ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాగవేణి సంబరంగా ‘మడతలో’ అని నాలుగో సున్నా చుట్టి, మరక కనబడితే ఏం చేస్తారని అడిగింది. నేతగాడికి తిప్పి పంపుతామన్నాడు. ఐదోది వెలిసింది.

“ఇంకాసేపు కూర్చుంటే నన్నూ ఒక సున్నాలో పెట్టేటట్టున్నారు” అన్నాడు రత్తయ్య.

శనివారం ఒకావిడ ఆకుపచ్చ చీర అడిగితే అంకమ్మరావు గారే కంప్యూటరు ముందు కూర్చుని ‘అమ్మకం’ నొక్కారు. బటన్ మసకగానే ఉంది. మళ్ళీ నొక్కారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, తెరమీద ‘మడతలో’ అన్న మాట చదివి, రత్తయ్య వైపు చూశారు. ఆ చీర అతని ఒళ్ళోనే ఉంది.

“పది నిమిషాలు కూర్చోండమ్మా, ఇది ఇంకా అమ్మకానికి రాలేదు” అన్నారు ఆవిడతో. తరువాత నాగవేణి వైపు తిరిగి, జాకెట్టు గుడ్డలకూ ఇలాగే కుదురుతుందా అని అడిగారు.

ఆమె అప్పటికే కొత్త కాగితం తీసింది.

“ముందు ఆ గుడ్డల తానును ఎప్పుడు కోస్తారో చెప్పండి, బాబాయి గారూ.”